బట్టీ వెనక గోడ

మొన్న మా అబ్బాయి గిద్దలూరు బయట కట్టిన కొత్త షెడ్డులో బొరుగుల మిషన్ మొదలుపెడుతూ నా చేత కొబ్బరికాయ కొట్టించి, ఆ తర్వాత నన్ను పొగగొట్టం దగ్గరికి తీసుకెళ్లి దాని మీద చెయ్యి పెట్టి చూడమన్నాడు. నేను గబుక్కున వెనక్కి జరిగాను. కాపురానికొచ్చిన నాటి నుంచి బట్టీ పక్కనే బతికినదాన్ని, మండుతున్న పొయ్యి తాలూకు గొట్టం మీద చెయ్యి పెట్టమంటే ఎట్లా పెడతాను? వాడు నవ్వి ముందు తన అరచెయ్యి ఆనించి చూపించాడు. నేనూ ఆనించాను. గోరువెచ్చగా ఉంది, అంతే. పొగలో ఉన్న వేడినంతా మిషన్ లోపలే లాగేసుకుని, ధాన్యం నానబెట్టే నీళ్లు కాచడానికీ, బియ్యం ఆరబెట్టడానికీ వాడుకుని, ఒట్టి పొగను మాత్రం బయటికి వదులుతుందట. దీన్ని వేస్ట్ హీట్ రికవరీ అంటారమ్మా అని వాడు నాకు పాఠం చెబుతుంటే లోలోపల నవ్వొచ్చింది. ఆ పేరు తెలియకపోయినా, ఆ పని వాడి నాయనా నేనూ వాడు పుట్టకముందే చేశాం.

బొరుగుల బట్టీ చూసినవాళ్లకు అందులో ఎండ ఎంత అవసరమో తెలిసే ఉంటుంది. ధాన్యాన్ని నానబెట్టి, వేయించి, మిల్లు పట్టించి, వచ్చిన బియ్యానికి ఉప్పునీళ్లు పట్టించి ఆరబెట్టాలి. అది సరిగ్గా ఆరితేనే కాగిన ఇసుకలో వేసినప్పుడు గింజ పొంగి బొరుగవుతుంది, లేకపోతే పంటికింద రాయే. ఎండాకాలమంతా దర్జాగా నడిచే మా బట్టీ, ముసురు పట్టిందంటే మూతపడేది. నేను వచ్చిన రెండో ఏడు వానలకు ఆరబోసిన బియ్యమంతా బూజు పట్టి గేదెల పాలైంది. మరో ముసురు ఇట్లాగే గడిస్తే బట్టీ పీకేసి లారీ నడుపుకోవడానికి కర్నూలు పోతానని మా ఆయన తేల్చి చెప్పేశారు. బట్టీ పోతే మాతోపాటు అందులో పనిచేసే ఆడవాళ్లందరికీ పొయ్యి ఆరినట్టే కదా.

మా పుట్టిల్లు పొదిలి దగ్గర. మా నాయనకు పొగాకు ఆరబెట్టే బ్యారన్ ఉండేది. బయట పొయ్యి మండిస్తే ఆ పొగ రేకు గొట్టాల్లోంచి బ్యారన్ లోపలంతా తిరిగి బయటికి పోయేది, పొగ తగలకుండానే ఆకు ఆరేది. చిన్నప్పుడు ఆ గోడల చుట్టూ ఆడుకున్నదాన్ని గనుక, మా బట్టీ పొయ్యిలోంచి మంటంత వేడి తిన్నగా ఆకాశానికి పోతుంటే నాకు మనసొప్పేది కాదు. ఆ పొగను బియ్యం ఆరబోసే చోటు కింద నుంచి తిప్పితే వానొచ్చినా భయముండదు గదా అని మా ఆయనతో అన్నాను. ఆయన ఎగిరి గంతేశారు. కానీ బట్టీ మా అత్త పేరున ఉంది, ఆమె ఒప్పుకోవాలి.

"మీ నాయన పొగాకు కాల్చినట్ల బియ్యం కాలుస్తావా ఏంది?" అంది మా అత్త.

ఆమె అడ్డం పడడానికి కారణం వెటకారం కాదు, బట్టీ వెనక గోడ. పొగగొట్టం ఆ గోడలోంచే పైకి పోయేది గనుక పొద్దున్నుంచి సాయంత్రం దాకా అది సెగలు కక్కేది. గోడవారగా సందులోకి ఒక రాతి దిమ్మె ఉండేది. వీధిలో బాలింతలకూ, జ్వరమొచ్చి లేచినవాళ్లకూ, ముసలివాళ్లకూ కావలసిన నీళ్లు ఆ దిమ్మె మీద పెట్టిన బిందెల్లోనే కాగేవి. ఎవరినీ అడగక్కర్లేదు, బిందె పెట్టి పోవడం, కాగాక తీసుకెళ్లడం. పొగను మళ్లిస్తే ఆ గోడ చల్లబడుతుంది. నేను ఆ సంగతి ఆలోచించనే లేదు. రెండు రోజుల తర్వాత మా అత్త తన షరతు చెప్పింది.

"నీ పొగను ఎట్లన్నా తిప్పుకో. ఆ గోడకాడికి బిందె తెచ్చుకున్న మనిషి మాత్రం చల్లనీళ్లతో పోగూడదు."

మార్కాపురం పలకల ఫ్యాక్టరీల బయట గుట్టలుగా పడి ఉండే రాతి బిళ్లలను లారీకెత్తించుకొచ్చాం. మా నాయన పంపిన బ్యారన్ల మేస్త్రీ పొయ్యి నుంచి నేల కింద కాలవలు కట్టి, పైన ఆ బిళ్లలు పరిచి, సందుల్లో సున్నం కూరాడు. పని సగంలో ఉండగా, మా బట్టీలో జల్లెడ పట్టే ఒకామె కూతురు చర్చి సందులోని వాళ్లింట్లో ప్రసవించింది. గోడ చల్లగా ఉంది. మా అత్త వాకిట్లో మూడు రాళ్లు పెట్టి, ఊదుతూ, దగ్గుతూ, మధ్యమధ్యలో నా వైపు కొరకొరా చూస్తూ, ఆ పిల్లకు రోజూ నీళ్లు కాచి పంపింది. నేను పనివాళ్ల వెంటపడి తొందరపెట్టడానికి ఆ చూపు ఒక్కటి చాలింది.

పొయ్యి వెలిగించిన వారం రోజులూ మా అంత గొప్పవాళ్లు లేరు. బయట ముసురు, లోపల బియ్యం కరకరలాడుతూ ఆరుతోంది. నేను వీధంతా వినేలా మా నాయన గొప్పలు చెప్పుకున్నాను. అంతలో కంభం దుకాణం నుంచి బొరుగుల బస్తాలు వెనక్కి వచ్చాయి.

"ఏమ్మా, మీ పుట్టింటి పొగాకు ఇందులో కలిపినారా ఏంది?" అన్నాడు దుకాణం పెద్దాయన.

బొరుగు నోట్లో వేసుకుంటే పొగ కంపు. జరిగిందేమిటంటే, మా ఆడవాళ్లు ఎప్పటి అలవాటు కొద్దీ ఆరబోసిన బియ్యం మీదే ఉప్పునీళ్లు చల్లి కలియబెడుతున్నారు. మట్టి నేల మీద అది చెల్లింది. ఇక్కడ ఆ ఉప్పు బిళ్లల సందుల్లోకి దిగి సున్నాన్ని తినేసింది, కింది పొగ పైకొచ్చింది. మా ఆయన మళ్లీ కర్నూలు మాటెత్తారు. నేను పట్టిన పట్టు వదలలేదు. మొదటి వరస సందులు కప్పేలా బిళ్లలు ఇంకో వరస పరిపించి, ఉప్పు పట్టించడం నేల మీద నుంచి రాతి తొట్టిలోకి మార్చాను. చేతి అలవాటు మారదని అందరూ సణిగారు. అప్పుడు నాకు తోడొచ్చింది, ఎవరో కాదు, మా అత్తే. కొంగు బిగించి తొట్టి ముందు కూచుని మొదటి వాయి తనే కలిపింది. ఇక సణుగుడు లేదు.

ఆమె షరతు మాత్రం పొయ్యి వెలిగించే నాటికే నిలబెట్టాను. నేల కింద తిరిగొచ్చిన పొగ గొట్టంలోకి పోయేముందు ఒక ఇనుప డ్రమ్మును చుట్టి పోయేలా కట్టించి, డ్రమ్ము కొళాయి వెనక సందులోకి పెట్టించాను. చర్చి సందు పాప పురిటి స్నానానికి ఆ కొళాయి నీళ్లే పోశారు. ఆ ఏడు నుంచి మా బట్టీ ఏ ముసురుకూ ఆగలేదు, మా ఆయన కర్నూలు పోలేదు.

మా అత్త పోయేదాకా కొళాయి కింద బిందెల చప్పుడును బట్టి వీధి సంగతులు చెప్పేది. ఫలానా ఇంటి బిందె వచ్చిందంటే అక్కడ పురుడో, జ్వరమో అని ఆమెకు తెలిసిపోయేది, వెంటనే కొంగున ఏదో ఒకటి మూటగట్టుకుని బయల్దేరేది. ఆ తర్వాత గ్యాసులూ గీజర్లూ వచ్చాయి, బిందెలు రావడం మానేశాయి. ఆడవాళ్లు బురదలో బిందెలు మొయ్యడం తప్పినందుకు నాకు సంతోషమే. కానీ పోయిన నెల మా ఇంటికి నాలుగిళ్ల అవతల బాలింత ఉందన్న సంగతి, ఉయ్యాలలో వేసే పండగకు కార్డు ఇచ్చినప్పుడు గానీ నాకు తెలియలేదు.

ఎట్లా ఉందమ్మా మిషన్ అని మా అబ్బాయి అడిగితే బ్రహ్మాండంగా ఉందన్నాను, నిజంగానే ఉంది, కట్టె విలువ తెలిసినదాన్ని నేనెందుకు కాదంటాను. ఒక్కటి మాత్రం వాడికి చెప్పలేదు. ఆ గోరువెచ్చని గొట్టం మీద చెయ్యి ఆనించగానే నాకు మొట్టమొదట తోచింది, ఇక్కడికి ఎవరైనా బిందె తెచ్చుకుంటే నీళ్లు కాగవే అని.