ఆమెను ముందుచూపున్న మనిషి అన్నారు

మా మేనత్త పోయిందన్న కబురు నేను దుకాణం షట్టరు ఎత్తుతుండగా వచ్చింది. దవాఖాన నుంచి బావ ఫోన్ చేశాడు. "అమ్మ లేదే" అన్నాడు, అంతే. కిడ్నీలు చెడిపోయి చాన్నాళ్లుగా మంచం మీదే ఉన్న మనిషి. ఎదురుచూస్తున్న కబురే. అయినా షట్టరు సగంలోనే పట్టుకుని నిలబడిపోయాను. ఎదురు టీకొట్టాయన వచ్చి, సంగతి విని, తనే మెల్లగా దాన్ని కిందికి దించాడు.

వరంగల్ స్టేషన్ రోడ్డులో విస్తరాకులూ గ్లాసులూ అమ్మే ఆ దుకాణం ఆమెది. మామయ్య చిన్న వయసులోనే పోతే ఒంటిచేత్తో నిలబెట్టింది. డిగ్రీ అయ్యాక ఏ పనీ దొరక్క ఇంట్లో ముడుచుకు కూర్చున్న నన్ను తనింటికి తీసుకెళ్లి, దుకాణంలో పక్కన కూర్చోబెట్టుకుంది. నాకు బతుకుతెరువు ఆమె పెట్టిందే.

ఎవరి పెళ్లికి వెళ్లినా భోజనం కాగానే షామియానా వెనక్కి పోయేది. ఎంగిలాకుల కుప్ప దగ్గర ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, ఏ ఆకు చిరిగిందో, ఏది కుట్టు ఊడిందో చూసేది. నాకు తల కొట్టేసినట్టుండేది. "మంది మెచ్చుకునేది వినద్దు బిడ్డా, ఇసుక్కునేది వినాలె. రేపటి గిరాకి గాడ్నే ఉంటది" అనేది. ఆకుల్లోంచి పప్పుచారు కారి పట్టుచీరలు పాడవుతున్నాయని ఆడవాళ్లు విసుక్కోవడం వినే, మా బజారులో అందరికంటే ముందు థర్మాకోల్ ప్లేట్లు తెచ్చింది. నవ్వినవాళ్లే తరువాత ఆమె దగ్గర టోకున కొన్నారు. ఇల్లు కట్టాం. బావ పెళ్లి చేశాం.

ఆ తరువాత ఒక ఏడు కుండపోత వాన వచ్చింది. తెల్లవారేసరికి మా గల్లీ చెరువైంది. పక్కింటి ఖాదర్ చాచాకి పక్షవాతం. కొడుకు పనిమీద ఊరెళ్లాడు, ఇంట్లో కోడలు ఒక్కతే. ఆమె అరుపు విని మేం వెళ్లేసరికి నీటి బరువుకు చాచా గది తలుపు తెరుచుకోవడం లేదు. తలుపు విరగ్గొట్టేసరికి మంచం మునిగిపోయింది. చాచా చేతులు మంచం పట్టెను పట్టుకునే ఉన్నాయి.

నీళ్లు ఎందుకు పోలేదో మధ్యాహ్నానికి తెలిసింది. మురుగునీటి నాలా మూతి దగ్గర తెల్లటి ప్లేట్లు గోడ కట్టినట్టు పేరుకున్నాయి. మున్సిపాలిటీ వాళ్లు పారలతో తోడి గట్టున పోస్తుంటే మేనత్త అక్కడికి వెళ్లింది. ఒకటి చేతిలోకి తీసుకుని, బురద తుడిచి, చాలాసేపు చూసింది. నాలాలో చెత్త అందరిదీనని, ఆ ప్లేట్లు అమ్మేది మనమొక్కరమే కాదని చెప్పి చూశాను.

చాచా ఇంట్లో కార్యాలయ్యాక నాతో అంది. "ఇగ గీ సరుకు అమ్మద్దు బిడ్డా."

బావ మండిపడ్డాడు. నడుస్తున్న బేరం చేతులారా పోగొట్టుకుంటామా అన్నాడు. మనం మానేస్తే పక్కవాడు అమ్ముతాడన్నాడు. "అమ్మనియ్యి" అంది. అతను అలిగి హన్మకొండలో వేరే దుకాణం పెట్టుకున్నాడు, అదే సరుకుతో. అత్త జబ్బు పడేదాకా గడప తొక్కలేదు.

ఆమె ములుగు బస్సెక్కింది. అడవి పల్లెల్లో మోదుగాకు కుట్టే ఆడవాళ్లను వెతికి పట్టుకుంది. కుట్టిన ఆకుల్ని వేడిగా ఒత్తి, చారు కారని గట్టి ప్లేట్లుగా చేసే మిషన్లు అక్కడే ఒక రేకుల షెడ్డులో పెట్టించింది. మొదట్లో ఒక్కరూ కొనలేదు. ఖర్చులకు మెడలో గొలుసు పోయింది, ఇంటి పై అంతస్తు అమ్ముడైపోయింది. ఆ షెడ్డులో ఆడవాళ్ల మధ్య కూర్చుని తనూ ఆకు కుట్టేది. ఆ తరువాత ప్లాస్టిక్, థర్మాకోల్ ప్లేట్ల మీద నిషేధం వచ్చింది, వంట కాంట్రాక్టర్లు మా షెడ్డు వెతుక్కుంటూ వచ్చారు.

అప్పుడే వ్యాపారులు ఒక సభ పెట్టి, మారుతున్న కాలంలో అవకాశాలను ముందే ఎలా పసిగట్టాలో చెప్పమని ఆమెను పిలిచారు. శాలువా కప్పారు. ముందుచూపున్న మనిషని పొగిడారు. ఆమె మైకు ముందు నిలబడింది.

"నాకు ముందుచూపు ఉన్నదంటాండ్లు. ఉంటే గా వాన కంటె ముందుగాల్నే బందు వెట్టేదాన్ని. మా పక్కింటాయన బతికుండేటోడు. మీరు గిరాకి ఎటువోతాందో సూస్తరు, మంచిదే. అమ్మినంక ఆ సరుకు ఎటువోతాందో గది గూడ సూడుండ్లి."

ఆమె శాలువా మడిచి కుర్చీ మీద పెట్టి వచ్చేసింది.

చివరిసారి ములుగు వెళ్లినప్పుడు ఆమె ఒళ్లంతా వాచి ఉంది. లాభాల మాట ఎత్తకుండా, ఆకు కోసం ఇప్పుడు ఎంత దూరం పోతున్నారని అడిగింది. ఏటేటా ఇంకా లోపలికి పోవాల్సి వస్తోందని షెడ్డు పెద్ద లచ్చక్క చెప్పింది. తిరిగి వస్తూ జీపులో నాతో, కొత్త మిషన్ కొనొద్దంది. ఆర్డర్లు వస్తున్నాయి కదా అన్నాను. "అడివి పెద్దగైతలేదు గదనే" అంది. దానికేం చేయాలో ఆమెకూ తెలియలేదు. నాకూ ఇంకా తెలియదు.

దహనం నాడు సన్నగా జల్లు పడుతోంది. బావ నిప్పు పెట్టి పక్కకు వచ్చి కూలబడ్డాడు. వచ్చినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయాక ములుగు నుంచి జీపు వచ్చింది, దారిలో చెడిపోయి ఆలస్యమైందట. లచ్చక్కా మిగతా ఆడవాళ్లూ దిగారు. మా వైపు శ్మశానంలోకి ఆడవాళ్లు వెళ్లరు, నేనూ గేటు బయటే నిలబడి ఉన్నాను. వాళ్లూ నా పక్కన కాసేపు ఆగారు. తరువాత లచ్చక్క చెప్పులు విడిచి లోపలికి అడుగుపెట్టింది, వెనకే అందరూ. తడి బూడిద మీద పొగ లేచి వాళ్ల మధ్య నుంచి పోతోంది. గేటు బయట వాళ్ల చెప్పుల్లో వాన నీళ్లు నిండుతున్నాయి.