చప్పుడు లేని సావధాన్

జూన్ రెండో వారం, ఉదయం ఐదూ నలభైకి విజయవాడ స్టేషన్‌లో దిగాను. ఒక నల్ల ట్రంకు, ఒక బెడ్డింగు, చేతిలో పోస్టింగ్ ఆర్డరు. అప్పటికే చొక్కా వీపుకు అతుక్కుపోయింది. పదిహేడేళ్ల సర్వీసులో మంచు చూశాను, ఇసుక చూశాను. సొంత గడ్డ మీద డ్యూటీ మాత్రం అదే మొదలు. పామర్రులో మా ఆవిడ చర్చిలో కృతజ్ఞతా ప్రార్థన చేయించింది. రెజిమెంటులో వాళ్లు నవ్వారు. "ఆడపిల్లలకు లెఫ్ట్ రైట్ నేర్పడానికా, హవల్దార్?" అన్నారు.

పని అదే. ఒక మహిళా కళాశాలలో ఎన్‌సీసీ కేడెట్లకు డ్రిల్ నేర్పాలి. నలభై మంది. రెండేళ్లు. మైదానం బందరు కాలువ పక్కన. ఎర్ర గ్రావెల్, వాన పడితే జిగట. ఆరింటికి మొదలు, ఏడున్నరకు ముగింపు. నా పైన సుబేదార్ సాబ్, బిహార్ మనిషి. కాగితాలు ఆయనవి, మైదానం నాది. పిల్లల్లో పెద్దదాన్ని సీనియర్ కేడెట్ అనేవాళ్లం. కంకిపాడు నుంచి మొదటి బస్సుకు వచ్చేది. డిగ్రీ ఆఖరి సంవత్సరం. జనవరిలో ఢిల్లీ పరేడ్‌లో నడవాలని ఆమె కోరిక. మరో ఏడాదికి అవకాశం లేదు.

బయటివాళ్లకు తెలియని సంగతి ఒకటి చెప్పాలి. సావధాన్ అనగానే ఎడమ మోకాలు నడుము దాకా లేపి, మడమను కుడి మడమ పక్కన బలంగా కొట్టాలి. నలభై మంది కొట్టినా ఒకటే చప్పుడు రావాలి. ఆ చప్పుడు వింటే సిపాయి కాలు తనంతట తానే లేస్తుంది. బుర్రను అడగదు.

ఆగస్టులో ఒక ఉదయం, పరుగు ఎలా అందుకోవాలో చూపిస్తూ ఎడమ పాదంతో నేలను తోశాను. వెనక నుంచి ఎవరో మడమ మీద తన్నినట్టయింది. ఎవరా అని తిరిగి చూశాను. ఎవరూ లేరు. కూలబడ్డాను. మడమ పైన గట్టి తాడులా ఉండాల్సిన చోట వేలు పెడితే గుంట తగిలింది.

దగ్గర్లో మిలిటరీ ఆసుపత్రి లేదు. సుబేదార్ సాబ్ ఫోన్ల మీద ఫోన్లు చేసి, ఊళ్లోనే ఒక ఎముకల ఆసుపత్రిలో ఆపరేషన్‌కు అనుమతి తెచ్చారు. డాక్టరు గారు నెమ్మదస్తులు.

"ఈ మడమ తాడు, టెండన్ అంటాం, ఎప్పట్నుంచో లోపల పీచుపీచు అయిపోయుందండీ. చివర్లు కోసేస్తే మధ్యలో ఖాళీ వస్తది. ఉత్తినే కుడితే నిలబడదు. ఒక పొర చుట్టి కుడతాను."

"ఏం పొరండీ?"

"పశువు చర్మంది. అందులో కణాలన్నీ కడిగేసి, ఒట్టి పీచల్లిక ఉంచుతారు. మీ కణాలు దాంట్లోకి పాకి కొత్త పీచు అల్లుకుంటాయి. అవి అల్లుకునేకొద్దీ ఆ పొర కరిగిపోద్ది."

నేను తొడిగే బూటూ పశువు చర్మమేగా అనుకుని సంతకం పెట్టాను.

రెండు వారాలు కట్టు, మంచం. తర్వాత మోకాలి దాకా ప్లాస్టిక్ బూటు, మడమ కింద మూడు మెత్తలు. వాటిని ఒక్కొక్కటే తీసుకుంటూ వచ్చారు. నాలుగో వారం నుంచి మైదానం చివర కుర్చీలో కూర్చుని ఆర్డర్లు ఇచ్చాను. తొమ్మిదో వారంలో బూటు కూడా తీసేశారు. నొప్పి లేదు.

"ఇదేనండీ ప్రమాదం," అన్నారు డాక్టరు గారు. "పొర పట్టు తగ్గుతుంటది, కొత్త పీచు ఇంకా లేత. నడవండి. గెంతొద్దు, కాలు కొట్టొద్దు. ఇప్పుడు తెగితే మళ్లీ ఇంత బాగా రాదు."

తెగితే నా మెడికల్ కేటగిరీ పోతుంది. రెజిమెంటుకు తిరిగి వెళ్లే మాటే ఉండదు, ఇంటికి పంపేస్తారు. ఆ సంగతి పిల్లలకు చెప్పాను. సీనియర్ కేడెట్ వెంటనే అందుకుంది.

"మా నాన్న సెంట్రింగ్ మేస్త్రీ అండీ. స్లాబ్ గట్టిపడేదాకా పైన పిల్లిని గూడా నడవనివ్వడు. మీదీ అంతేగా అండీ?"

"అంతే. కాకపోతే ఇక్కడ కింద పెట్టిన కర్రలు వాటంతట అవే కరిగిపోతాయి."

మర్నాడే తప్పు చేశాను. నిలబడి "స్క్వాడ్, సావధాన్" అన్నాను. నలభై మడమలు దిగాయి. నా ఎడమ కాలూ లేచింది. కుర్చీ పట్టుకుని ఎలాగో ఆపాను, కానీ మడమ సగం వేగంతో నేలకు తగిలింది. పిక్కలో మంట. స్కాన్ తీశారు, తెగలేదు. డాక్టరు గారు మొదటిసారి గొంతు పెంచారు. "మీ చెవులు పనిచేస్తన్నాయా అసలు?" పనిచేస్తున్నాయి, చిక్కంతా అదే. ఆ తర్వాత సుబేదార్ సాబ్ నన్ను మైదానం దరిదాపులకు రానివ్వలేదు.

పదకొండో వారంలో మా బెటాలియన్ కర్నల్ గారి ఇన్‌స్పెక్షన్. ఢిల్లీకి పేర్లు రాసుకునేది ఆ రోజే. నువ్వు కూర్చో, నేను నిలబడతానని సుబేదార్ సాబ్ అన్నారు. "నహీ, సాబ్" అన్నాను. నేర్పింది నేను, రిపోర్టు ఇవ్వాల్సింది నేను. తలబిరుసు, ఇంకేముంది. బిగబట్టుకుంటే కాలు ఆగుతుందని పైకి అన్నాను. లోపల భయంగానే ఉంది.

ఆదివారం, ఏడున్నర. కాలువ మీద సన్నని మంచు. స్క్వాడ్‌కు కుడివైపు, మూడడుగుల దూరంలో నిలబడ్డాను. ఆర్డరు కర్నల్ గారే ఇచ్చారు.

"పరేడ్, సావధాన్!"

నలభై మోకాళ్లు నడుము దాకా లేచాయి. పళ్లు బిగించాను. కాళ్లు దిగాయి. చప్పుడు లేదు. గట్టు మీద ఆటో హారన్ వినిపించింది. నా పాదం నేల మీదే ఉంది. మెల్లగా దగ్గరికి జరుపుకున్నాను.

"ఇదేం డ్రిల్?" అన్నారు కర్నల్ గారు. "విశ్రామ్! సావధాన్!"

మళ్లీ అంతే. ఆయన సీనియర్ కేడెట్ ఎదుటికి వెళ్లారు.

"కాలు కొట్టడం రాదా?"

"వచ్చు సర్."

"మరి?"

ఆమె చూపు తిప్పకుండా, గడ్డం ఎత్తి నిలబడింది. నేను నోరు విప్పాల్సింది. సావధాన్‌లో ఉన్నవాడు మాట్లాడకూడదు. ఆ నియమం చాటున దాక్కున్నాను. మర్నాడు సుబేదార్ సాబ్‌ను వెంటబెట్టుకుని వెళ్లి కర్నల్ గారికి అంతా చెప్పాను. జాబితా అప్పటికే వెళ్లిపోయింది. మా పిల్లల పేరు ఒక్కటీ లేదు.

సీనియర్ కేడెట్‌ను పిలిచి అడిగాను.

"ఎవరు చెప్పారు అలా చెయ్యమని?"

"ఎవరూ చెప్పలేదండీ. మీరు రాని రోజుల్లో, సుబేదార్ సాబ్ గూడా రాకముందే ఐదున్నరకే వచ్చి ప్రాక్టీస్ చేశామండీ. కొట్టడం కంటే ఇదే కష్టమండీ, తొడలు లాగేస్తన్నాయి."

"ఢిల్లీ పోయిందిగా."

"పోయిందండీ. చప్పుడు మాకు వినపడితే మీకూ వినపడిద్దిగా అండీ."

తిట్టాను. గట్టిగానే తిట్టాను. థాంక్స్ అన్న మాట ఆ రోజూ రాలేదు, తర్వాతా రాలేదు. ఆమె డిగ్రీ అయిపోయి వెళ్లిపోయింది.

నా రెండేళ్లు ముగిశాయి. కాలు పూర్తిగా బాగుందని డాక్టర్లు రాసిచ్చారు. రెజిమెంటుకు తిరిగి వెళ్లి, మొదటి పరేడ్‌లో అందరితోపాటు మడమ కొట్టాను. టెండన్ నిలిచింది. ఇంకో రెండేళ్లు చేసి, పెన్షన్ మీద పామర్రు వచ్చేశాను.

ఇక్కడ అందరూ మంచు గురించి అడుగుతారు. చెబుతాను. నా కళ్లలో ఉండేది మాత్రం మూడో వరసలో చివరి పిల్ల. అందరికంటే పొట్టిది, పేరు కూడా గుర్తులేదు. కింది పెదవి పళ్లతో నొక్కిపట్టి, తొడ వణుకుతుంటే, బరువైన బూటును ఒక్క రాయి కూడా కదలకుండా గ్రావెల్ మీద దింపుతోంది.