అరుగు మీద చోటు

నిజామాబాద్ పెద్దాసుపత్రిలో హెచ్ఐవీ మందుల డబ్బా మొదటిసారి నా చేతికిచ్చిన రోజున, పక్క గదిలో కౌన్సిలర్ మేడం నన్ను కూర్చోబెట్టుకుని మాట్లాడింది. కోస్తా నుంచి వచ్చిన మనిషి, మాట మెత్తన. "మందులు ఎంత ముఖ్యమో, ఒత్తిడి తగ్గించుకోవడమూ అంతే ముఖ్యమమ్మా" అంది.

నాకు ఒళ్లు మండింది. మేం బోధన్‌లో బీడీలు చేసుకుని బతికేవాళ్లం. ఆకు చుట్టి, దారం కట్టి, మూతి మూయడాన్ని మేం ఒత్తుడు అంటాం.

"ఒత్తుడు తగ్గిస్తే తినేదెట్ల మేడం? మీరు పెడ్తరా బువ్వ?" అన్నాను.

ఆమె బిత్తరపోయింది. కాసేపు ఒకరి మాట ఒకరికి ఎక్కలేదు. చివరికి గుండె మీద చెయ్యి పెట్టుకుని, "ఇక్కడ బరువుగా ఉంటుందే, అన్నం తిననివ్వదే, అదమ్మా" అంది.

"రందా?" అన్నాను. దిగులును మేం అట్లే అంటాం.

ఇద్దరం నవ్వేశాం. మొగుడు పోయాక నేను నవ్వడం అదే మొదలు.

ఇంటికొచ్చి, రంది తగ్గేందుకు ఆమె చెప్పినవన్నీ చేశాను. గాలి గట్టిగా పీలిస్తే ఇంట్లోని తంబాకు పొడి ముక్కుకెక్కి దగ్గొచ్చింది. పొద్దున్నే చక్కెర ఫ్యాక్టరీ దారిలో నడిస్తే, దవాఖానకా అని అడిగేవాళ్లే అందరూ. ఇక మిగిలింది ఒక్కటి: ఒంటరిగా ఉండకు, నలుగురిలో కూర్చో.

ఆ నలుగురూ ఉండేది ఎదురింటి అరుగు మీద. వాడకట్టు ఆడవాళ్లంతా చాటలు ఒళ్లో పెట్టుకుని అక్కడే బీడీలు చేసేవారు. నా మొగుడు భీవండి మరమగ్గాల నుంచి జబ్బుతో వచ్చి చనిపోయాక, నా రక్తంలోనూ అదే ఉందని పొక్కాక, అక్కడ నా చోటు పోయింది. ఎవరూ పొమ్మనలేదు. నేను కూర్చునేచోట తడి ఆకుల సంచి పెట్టేశారు, అంతే. ఇంట్లోకొచ్చి తలుపేసుకుని ఏడ్చాను. చచ్చినవాడి మీద కోపం, బతికున్నవాళ్ల మీద కోపం. ఆ రందితోనే చిక్కి సగమయ్యాను.

ఇప్పుడు చాట పట్టుకుని వెళ్లి, ఆ సంచిని పక్కకు జరిపి కూర్చున్నాను.

"గాడ ఆకున్నది సూస్తలేవా?" అంది ఆ ఎదురింటి అక్క.

"సూసిన అక్కా. ఆకు యాడ పెట్టినా ఉంటది. నన్ను నలుగుట్ల కూసోమని దవాఖానల చెప్పిండ్రు."

"గా రోగం మాకు అంటుకుంటె?"

"పక్కన కూసుంటె అంటదు, మాట్లాడితె అంటదు. మందులిచ్చేటోళ్లే చెప్పిండ్రు. నమ్మకుంటె పోయి అడుగుండ్రి."

ఎవరూ అడగలేదు. లేచి, చాటలూ సంచులూ పిల్లల్నీ ఎత్తుకుని చివరింటి అరుగుకు మారారు. మరునాడు నేనూ అక్కడికే వెళ్లాను. గొణుక్కుంటూ ఇంకొకరి పందిరి కిందికి పోయారు. అక్కడికీ పోయాను. సిగ్గు లేదా అన్నారు. లేదన్నాను. సిగ్గుపడే పని నేనేం చేశాను గనక? అలాగని భయం లేక కాదు. బిగించబోయి దారం తెంపేదాన్ని. తెగితే మళ్లీ కట్టేదాన్ని.

పందిరి సందుల్లోంచి పడే ఎండకు ఆకు ఎండి పగులుతోంది. మోసి మోసి వాళ్లే విసిగి పాత అరుగుకు తిరిగొచ్చారు. వెనకే నేనూ వచ్చాను. ఈసారి ఎవరూ లేవలేదు. కొన్నాళ్లకు ఒకామె తన అత్తను తిడుతూ తిడుతూ నావైపు తిరిగి, "నువ్వే చెప్పు, నాదేమన్న తప్పా?" అంది. తప్పు అత్తదేనన్నాను. ఆ పూట నాకు అన్నం సయించింది.

ఎదురింటి అక్క ఇప్పటికీ అందరితో, "పాపమని మేమే చోటిచ్చినం" అని చెప్పుకుంటుంది. ఓసారి నా ముందే అంది. నేను ఊరుకోలేదు.

"ఎవ్వలియ్యలే అక్కా. నేనే కూసున్న."