గోడకెక్కిన గడప

దవాఖానలో మా ఆయన మంచం పక్కన కూర్చుని ఉండగా కోడలు ఫోనుకు ఇంటి ఫొటోలు పంపింది. బూడిదరంగు గోడలు, పైకప్పు అంచుల వెంట కనబడకుండా దాచిన లైట్లు, పిడి లేని అల్మారాలు. ఎవరిల్లో పొరపాటున పంపిందనుకున్నాను. ఆఖరి ఫొటోలో మా దేవుని పటం చూశాక గాని అది మా ఇల్లని తెలియలేదు.

మేముండేది శంషాబాద్‌లో, విమానాలు దిగే దారి కింద. విమానం వచ్చినప్పుడు మాట సగంలో ఆపి, అది పోయాక మిగతా సగం చెప్పుకోవడం మాకు అలవాటు. మా ఆయన కాటేదాన్‌లో అట్టపెట్టెల కార్ఖానాలో పనిచేసేవారు. ఏటా ఉగాదికి ముందు సెలవు పెట్టి, సున్నంలో ఆకుపచ్చ రంగు కలిపి గోడలన్నిటికీ తనే వేసేవారు. మనిషిని పెట్టుకుందామంటే వినేవారు కాదు. గోడలు ఆయనవి, గడప నాది.

నేను బడికి పోలేదు. మా అమ్మ వాకిట్లో ముగ్గుపిండితో అక్షరాలు దిద్దించింది. మిగతాది దేవుని పుస్తకాలు కూడబలుక్కుని నేర్చుకున్నాను. శుక్రవారం గడప కడిగి పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టడం కూడా ఆ చదువులో భాగమే. మాది బెత్తెడు ఎత్తున్న పాత టేకు గడప. కాపురానికి వచ్చిన కొత్తలో రోజూ దానికి కాలు కొట్టుకునేదాన్ని. "అది నీకంటె ముందొచ్చింది ఈ ఇంటికి. జర మర్యాద ఇయ్యి," అని ఆయన నవ్వేవారు. పసుపు ఎట్లా పూశానో మాత్రం ఎన్నడూ అనలేదు. బాగుందనీ లేదు, బాగాలేదనీ లేదు. దాటి పనికి పోయేవారు.

ఒక పొద్దున చెప్పులు వేసుకుంటూ అట్లాగే కూలబడ్డారు. మెదడులో నెత్తురు గడ్డకట్టిందన్నారు. ప్రాణం నిలిచింది. నిలిపిన దేవునికి దండం పెట్టుకున్నాకే మిగతాది రాస్తున్నాను.

మేము దవాఖానలో ఉన్న ఆ వారాల్లోనే కొడుకూ కోడలూ ఇల్లు బాగుచేయించారు. వాళ్ల ఉద్దేశం మంచిదే. ఆయన ఇక వాకర్ పట్టుకుని నడవాలి, నేల సమంగా ఉండాలి, దుమ్మూ ధూళీ ఆయన వచ్చేలోపే అయిపోవాలి. ఇంటీరియర్ డిజైన్ చేసే అమ్మాయి వచ్చి, ఇప్పుడందరూ వాకిలి నుంచి వెనక గదిదాకా ఒకే నేల వేయించుకుంటున్నారని, మధ్యలో అడ్డమేదీ ఉంచడం లేదని చెప్పిందట.

దవాఖానలో ఆయన ఒక పూట నన్ను ఇంటి మనిషిలా చూసేవారు, ఒక పూట నర్సమ్మా అనేవారు. పంపించే రోజు డాక్టరు అన్నాడు: "ఇంటికి తీస్కపోండమ్మా. ఎరికున్న జాగ, ఎరికున్న సామాను కండ్లవడితే ఒక్కొక్కటి యాదికొస్తయి." నేను కొడుకు వైపు చూశాను. వాడు నేల చూశాడు.

ఆటో దిగాక ఆయన వాకర్‌తో తలుపు దాకా వచ్చారు. కుడికాలు పైకెత్తారు. కింద ఏమీ లేదు. మెరిసే తెల్లటి బండలు లోపలిదాకా పోతున్నాయి. ఎత్తిన కాలు ఎక్కడ పెట్టాలో తెలియక అట్లాగే నిలబడితే, కొడుకు భుజం పట్టుకున్నాడు.

"నడువు బాపూ, మన ఇల్లే."

"గడపేది?"

"తీసేసినం బాపూ, నీకు తట్టుకుంటదని."

"గడప లేని ఇల్లు మనదెట్లయితదిరా?"

అయినా లోపలికి వచ్చారు, పరాయివాళ్ల ఇంట్లోకి వచ్చినట్టు. కొత్త సోఫా అంచున కూర్చుని, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని నన్ను చూశారు.

"అక్కా, జర నీళ్లిస్తవా?"

ఇచ్చాను. తాగి గ్లాసు జాగ్రత్తగా నా చేతికే ఇచ్చారు.

"ఇగ పోత. మా ఇంటామె ఎదురుసూస్తది."

"మీ ఇల్లెక్కడ?" అన్నాను.

"ఆకుపచ్చ గోడలు. మీదికెల్లి విమానాలు పోతయి." అప్పుడే ఒకటి వచ్చింది. ఆయన మాట ఆపి, అది పోయేదాకా ఆగారు. "అగో, గసొంటియే," అన్నారు.

కోడలు వంటింట్లోకి పోయింది. వెనకే వెళ్తే, కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. నన్ను చూసి హాలు గోడ వైపు చెయ్యి చూపించింది. టీవీ పైన చెక్క అర ఒకటి, నునుపు పట్టించి, దాని మీద చిన్న మొక్కల కుండీలు. దగ్గరికి వెళ్లి చూస్తే మా గడప. చెక్క గీతల్లో పసుపు ఇంకా ఉంది.

"పాత చెక్కతోటి గిట్ల అరలు చేపిచ్చుకుంటున్నరంట అత్తమ్మా. లక్ష్మీదేవి గద, కాళ్ల కింద ఎందుకు, పైన పెట్టిద్దామనుకున్న."

దాన్ని పైకెత్తింది భక్తితోనే. ఆమె తల మీద చెయ్యి వేశాను.

మర్నాడు కొడుకు వడ్రంగిని తెచ్చాడు. "సార్లు పెట్టుమంటరు, తియ్యిమంటరు, మళ్లా పెట్టుమంటరు. మాకైతే పనే," అంటూ అతను అర దింపి మళ్లీ గుమ్మంలో బిగించాడు. గోడ మీద అమర్చడానికి రెండు కొసలూ కోసేశారు కాబట్టి అటూ ఇటూ సందు మిగిలింది. తలుపు కింద కొంత కోయాల్సి వచ్చింది. ఆకుపచ్చ సున్నం కోసం కొడుకు దుకాణాలన్నీ తిరిగి వచ్చాడు గాని, కొత్త గోడ నునుపుకు అది పట్టదన్నారు.

శుక్రవారం గడప కడిగాను. పసుపు పూశాను, బొట్లు పెట్టాను. "తల్లీ, ఆయన నన్ను గుర్తుపట్టకపోయినా ఫరవాలేదు, ఇల్లు గుర్తుపడితే చాలు" అని మొక్కుకున్నాను. అది పూర్తిగా నిజం కాదని తల్లికి తెలుసు.

కొడుకు ఆయన్ను సందు చివరిదాకా నడిపించి తీసుకొచ్చాడు. ఆయన గడప ముందు ఆగారు. వాకర్ వదిలి, గోడ పట్టుకుని మెల్లగా వంగి, వేళ్లతో గడపను తాకి కళ్లకద్దుకున్నారు. కోడలు నా చెయ్యి పట్టుకుంది. ఆయన సరిగ్గా ఎంత ఎత్తాలో అంతే కాలు ఎత్తి, లోపల పెట్టారు. తల ఎత్తి నన్ను చూశారు.

"మీ గడప అచ్చం మా గడప లెక్కనే ఉన్నదక్కా," అన్నారు. "మా ఇంటామె గూడ గిట్లనే పూస్తది. ఎంత మంచిగ పూస్తదో! ఒక్క చుక్క కింద వడనియ్యది."

కొడుకు ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"కూసోండి," అన్నాను. "నీళ్లు తెస్త."

వంటింట్లో దేవుని పటం ముందు కాసేపు నిలబడ్డాను. ఇన్నేళ్ల కాపురంలో వినని మాట విన్నాను. ఆ మాట వినిపించినందుకు దండం పెట్టుకున్నాను. తర్వాత గ్లాసు కడిగి, నీళ్లు నింపి, చుట్టానికి ఇచ్చినట్టు కింద పళ్లెం పెట్టి తీసుకువెళ్లాను.