సగం దారి బూట్లు

పార్కులో నాలుగు చుట్లు తిరగడానికి మా అమ్మ పెళ్ళికి వెళ్తున్నంత సరంజామా సర్దుకునేది. వైరు బుట్టలో కాగితం చుట్టిన కాన్వాసు బూట్లు, వాటి మీద తెల్ల మేజోళ్ళు, పక్కన నీళ్ళ సీసా. కళ్ళు తిరిగితే నోట్లో వేసుకోమని డాక్టరు చెప్పిన పటికబెల్లం ముక్క కొంగున ముడి. మిరప ఘాటుకు ముక్కు మూసుకోవడానికి తువ్వాలు. కట్టుకునేది మాత్రం ఆ ఒక్క మంగళగిరి నూలు చీరే, మడమ పైకి ఎత్తి. ఎండలో అయినా వానలో అయినా గొడుగు ఉండాల్సిందే. తెలిసినవాళ్ళు ఎదురైతే మొహం దాచుకోవడానికి అది పనికొచ్చేది.

అవి ఎనభైల నాటి రోజులు. గుంటూరులో మిరప యార్డుకు బండ్లు పోయే రోడ్డు మీద మాది బట్టల కొట్టు. నాన్న పోయాక గల్లా పెట్టె దగ్గర నేనే కూర్చునేదాన్ని. చీర కొసను నీళ్ళలో ముంచి రంగు నిలుస్తుందో పోతుందో చెప్పడంలో నన్ను మించినవాళ్ళు లేరని నా నమ్మకం. బేరంలో కూడా అంతే. ఎదుటివాడు నోరు తెరవకముందే ఎక్కడ ఆగుతాడో పసిగట్టేదాన్ని.

అమ్మకు చక్కెర జబ్బు ముదిరిన ఏడాది డాక్టరు గారు ఆమెను కళ్ళు మూసుకోమని అరికాలి మీద దూదితో రాశారు. రాయడం అయిపోయింది. అమ్మ ఇంకా కళ్ళు మూసుకునే ఉంది.

"ఎప్పుడు రాస్తారండీ?" అని అడిగింది.

ఆయన నా వైపు చూశారు. "రోజూ మెల్లగా నడవాలమ్మా. హవాయి చెప్పులు మానెయ్యండి. మూసిన బూట్లు వేసుకోవాలి, గడప దాటినప్పటి నుంచి మళ్ళీ గడప లోపలికి వచ్చేదాకా. చక్కెర సంగతి నేను చూసుకుంటాను, కాళ్ళ సంగతి మీరు చూసుకోండి. దెబ్బ తగిలినా మీకు తెలీదు."

ఆ సాయంత్రమే బూట్ల కొట్టుకెళ్ళాను. కొట్టువాడు దణ్ణం పెట్టేదాకా బేరమాడి, కొసరుగా మేజోళ్ళు కూడా లాక్కొచ్చాను. అమ్మకు తొడిగి వీధిలోకి దింపాను. పక్క స్టీలు సామాన్ల కొట్టావిడ స్టూలు మీద నుంచి మెడ చాపింది.

"ఏం వదినా, స్కూల్లో పీటీ మేస్టారు పోస్టు వచ్చిందా?"

ఆవిడ కొట్లోని ఇద్దరు గుమాస్తాలూ నవ్వారు. అమ్మ కూడా నవ్వినట్టే నవ్వి, వెనక్కి తిరిగి లోపలికి వచ్చేసింది. మూడు రోజులు నడక లేదు.

"నవ్వితే నవ్వనీ" అన్నాను.

"నవ్వేది నిన్ను కాదుగా. చీర కింద బూట్లేసుకుని ఈ బజార్లో నేను నడవనే. నన్ను చంపెయ్."

కొట్టు పిల్లను కదా, నాకు తెలిసిన వైద్యం ఒక్కటే. నేనొక మెట్టు దిగి, ఆమెను ఒక మెట్టు దింపాను. ఇంటి నుంచి పార్కు గేటు దాకా హవాయి చెప్పులు. లోపల, మనల్ని ఎరిగినవాళ్ళు ఉండరు కాబట్టి, బెంచీ మీద కూర్చుని బూట్లు. తిరిగొచ్చేటప్పుడు మళ్ళీ చెప్పులు.

"సరే, నీతో వేగలేను" అంది అమ్మ.

బేరం కుదిరింది. ఎదుటి మనిషి చేత ఆ మాట అనిపించానంటే నాకు ఆ పూట అన్నం ఇంకొంచెం రుచిగా ఉండేది. స్టీలు కొట్టావిడకు కూడా గొప్పగా చెప్పుకున్నాను, మా అమ్మను ఎలా ఒప్పించానో.

మాఘమాసం దాటి యార్డుకు సరుకు దిగే రోజులొచ్చాయి. రోడ్డంతా మిరపకాయలు కుక్కిన టిక్కీల బండ్లు, తుమ్ములు, ఎర్రటి దుమ్ము. మా వీధిలో ప్రతివాళ్ళ చీర అంచూ, పంచె అంచూ ఎర్రబడే ఉండేవి. ఒకరోజు అమ్మ పార్కు నుంచి వచ్చాక మేజోళ్ళు ఉతకబోతే, కుడికాలి దాని మీద బొటనవేలి కింద ఎర్ర మచ్చ కనిపించింది.

"ఇదేంటమ్మా?"

"మిరప తొక్కు అయ్యుంటుందే. రోడ్డు చూడలా ఎలా ఉందో?"

నీళ్ళలో ముంచాను. వెంటనే వదిలింది. మిరప మరక ఉత్త నీళ్ళకు అంత తేలిగ్గా వదలదని ఈ ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు. తేలిగ్గా వదిలింది కదా, సబ్బు కలిసొచ్చిందని సంతోషించాను. మర్నాడు మళ్ళీ మచ్చ, అదే చోట. ఆ మర్నాడు కూడా. దుమ్ముకు రోజూ ఒకే చోటు ఎలా దొరుకుతుందని రంగులు చూసే పండితురాలికి తట్టలేదు.

నాలుగో రోజు అమ్మకు జ్వరం వచ్చింది. దుప్పటి సర్దబోతే పాదం వాచి మెరుస్తోంది. తిప్పి చూశాను. బొటనవేలి కింద నల్లటి కన్నం. గడప దగ్గరికి వెళ్ళి హవాయి చెప్పు తిరగేశాను. ఎడ్ల గిట్టలకు నాడా కొట్టే మేకు ఒకటి అరిగిన అడుగులో దిగబడి ఉంది. దాని తల రోడ్డుకు రాసుకుని వెండిలా తేలింది, మొన లోపలివైపు గోరంత లేచి ఉంది. ఆ మూడు రోజులూ పార్కుకు పోతూ వస్తూ అమ్మ దాని మీదే నడిచింది. పార్కు లోపల మాత్రం బూట్లలో క్షేమంగా తిరిగింది.

ఆసుపత్రిలో కాలు తీసెయ్యాలన్నారు. "వేలితో సరిపెట్టండి డాక్టరు గారూ" అన్నాను. గొంతు కొట్లో గొంతులాగే ఉంది. ఆయన పాపం, ప్రయత్నిస్తానన్నారు. వేలు తీశారు. పది రోజులకు మళ్ళీ పిలిచి, ఈసారి మోకాలి కింద దాకా అన్నారు. ఇంకేమీ అడక్కుండా సంతకం పెట్టాను.

అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే నేను జవాబు చెప్పుకునేదాన్ని, జవాబులు బోలెడు తయారుగా ఉన్నాయి. మత్తు దిగినప్పుడు మాత్రం "నొప్పి తెలుస్తోందే, ఇప్పుడు తెలుస్తోంది" అంది.

ఎండలు పోయి మొదటి వాన పడ్డాక అమ్మకు చంక కర్ర మీద నిలబడటం వచ్చింది. ఒక సాయంత్రం తనే అడిగింది.

"ఎడమ బూటు ఎక్కడుంది?"

"బుట్టలోనే ఉంది. గేటు దగ్గర తొడుగుతాలే."

"ఇక్కడే తొడుగు."

తొడిగాను. ముడి గట్టిగా బిగించాను. అమ్మ మంగళగిరి చీర పైకి ఎత్తి దోపుకుని, కర్ర ఊతంగా వీధిలోకి దిగింది. తెల్ల కాన్వాసు బూటు ఒక్కటే చీర కింద కనిపిస్తోంది. స్టీలు కొట్టావిడ లేచి నిలబడి, దారికి అడ్డంగా ఉన్న స్టూలు పక్కకు జరిపింది. గుమాస్తాలు బిందెలు తుడుస్తూ తల వంచుకున్నారు.

నాలుగు కొట్లు దాటాక అమ్మ ఆగి ఊపిరి తీసుకుంది.

"చూశావటే, ఎవరూ నవ్వలేదు."

నేను బుట్ట పట్టుకుని వెనకే నిలబడ్డాను. అందులో నీళ్ళ సీసా, తువ్వాలు ఉన్నాయి. గొడుగు కావాలని అమ్మ ఆవేళ అడగలేదు.