పది నిమిషాల తీసివేత

మా పెదనాన్న తూనికలు కొలతల శాఖలో ముప్పై ఒక్కేళ్లు పనిచేశారు. మఖమల్ గుడ్డ పరిచిన చెక్కపెట్టెలో ఇత్తడి తూకపు రాళ్లు పెట్టుకుని కొట్టుకొట్టుకీ తిరగడం, అక్కడి రాళ్లను వాటితో సరిచూసి ముద్ర వేయడం ఆయన ఉద్యోగం. ఎంత బతిమాలినా కదలరని కొట్లవాళ్లు చాటుగా 'కిలోరాయి' అనేవారు.

అంతటి మనిషి ఇంట్లో గోడగడియారం పది నిమిషాలు అబద్ధమాడేది. ఎక్కడికీ ఆలస్యం కాకూడదని పెళ్లయిన కొత్తలో ఆయనే ముందుకు తిప్పి పెట్టారట. చూసిన ప్రతిసారీ మనసులో పది తీసేసుకునేవారు. చేతికి వాచీ కట్టరు, సెల్‌ఫోను ముట్టుకోరు.

"ఊరందరి తక్కెళ్లూ దిద్దుతారు, ఇంట్లో మాత్రం దొంగ గడియారం," అని పెద్దమ్మ దెప్పేది.

"ముల్లు ఎక్కడుంటే ఏమిటే? గడియారం మనం చేసుకున్నది. కాలం మనం చేసుకున్నది కాదు. మనుషులంతా పోయినా రెండు రాళ్ల పక్కన రెండు రాళ్లుంటే నాలుగే."

"అందరూ పోయాక లెక్కపెట్టేదెవరు మహానుభావా? మేం నలుగురమని రాళ్లే చెప్పుకుంటాయా?"

ఆ వాదం వాళ్లిద్దరి మధ్యా ఎప్పటికీ తెగలేదు.

కిందటేడు పెద్దమ్మకి గుండె ఆపరేషన్ అన్నారు. ముందురోజు సాయంత్రమే చేర్చుకున్నారు. ఆడవాళ్ల వార్డులో మగవాళ్లను ఉండనివ్వరు గనక తోడు నేనున్నాను. పొద్దున ఎనిమిదిన్నరకు లోపలికి తీసుకెళ్తారు. ఆలోపు పెదనాన్న వచ్చి చూడాలి. ఇంటినుంచి ఇరవై అయిదు నిమిషాల నడక.

పెద్దమ్మ దుప్పటి సర్దుకుంటూ నవ్వింది. "వచ్చేముందు కుర్చీ ఎక్కి గడియారం సరిచేసొచ్చానే. పాపం, రేపు ఆ కంగారులో ఆయన తీసివేతలేం చేసుకుంటారు?"

"పెదనాన్నకి చెప్పావా?"

"చెబితే ఇంకేమైనా ఉందా? గుండెజబ్బు పెట్టుకుని కుర్చీలెక్కుతావా అని నా ప్రాణం తోడేస్తారు."

నేనూ నవ్వాను. అంతకుమించి ఆలోచించలేదు.

మర్నాడు సరిగ్గా ఎనిమిదిన్నరకు స్ట్రెచర్ వచ్చింది.

"రెండు నిమిషాలు ఆగు తల్లీ, ఆయన వచ్చేస్తారు. జన్మలో ఆలస్యం చెయ్యని మనిషి," అంది పెద్దమ్మ నర్సుతో.

"డాక్టరుగారు లోపల ఉన్నారమ్మా."

పెద్దమ్మ తల తిప్పి తలుపు వైపు చూస్తూనే వెళ్లింది. పెదనాన్న మెట్లెక్కి వచ్చేసరికి వార్డు గడియారంలో ఎనిమిదీ ముప్పై అయిదు. మంచం మీద దుప్పటి ఒక్కటే ఉంది.

పెద్దమ్మ తిరిగి రాలేదు.

"గడియారంలో ఎనిమిదీ పది. అంటే ఎనిమిదింటికే బయల్దేరానమ్మా. దారిలో ఎక్కడా ఆగలేదు. ఆలస్యం ఎలా అయింది?" నెల రోజులపాటు ఇదే ప్రశ్న. చివరికి చెప్పేశాను.

ఆయన తలెత్తి గోడ మీది గడియారం వైపు చూశారు. "తీసివేత సరిగ్గానే చేశాను. ఇన్నేళ్లకి ఒక్కసారి అది నిజం చెప్పింది. నేను నమ్మలేదు."

ఓదార్చడం నాకు చేతకాదు. పుస్తకాల్లో చదివిందే గొణిగాను: కాలమన్నది బయటెక్కడా లేదట పెదనాన్నా, మనుషులు కల్పించుకున్నదేనట.

"మనం కల్పించుకున్నదైతే ఒక్క అయిదు నిమిషాలు వెనక్కి తిప్పుకోలేమా తల్లీ? గడియారానికి వెనక మర ఉంది. ఈ కాలాన్ని ఎక్కడ పట్టుకుని తిప్పను?" మళ్లీ ఆయనే అన్నారు. "మా వాదంలో నేనే గెలిచాను. చెబుదామంటే మీ పెద్దమ్మ లేదు."

ఆ గడియారాన్ని ఆయన మళ్లీ ముట్టుకోలేదు. పెద్దమ్మ దిద్దినట్టే ఉంది, సరైన టైమే చూపిస్తుంది. పెదనాన్న మాత్రం చూసిన ప్రతిసారీ పది తీసేస్తారు. బ్యాంకుకీ, మందుల కొట్టుకీ, మా ఇంటికీ, ఎక్కడికైనా పది నిమిషాలు ఆలస్యంగా వస్తారు. మా ఇంటికి వస్తే, గుమ్మంలో నిలబడి, ముందు మంచం వైపు చూస్తారు.