పెద్దమ్మ చెప్పిన ఇంగ్లీషు సినిమా

మా పినపాక వైపు ఇళ్లలోకి వీసీఆర్ వచ్చిన తొలి రోజుల్లో, ఇంగ్లీషు సినిమా చూసినవాడికంటే దాని గురించి చదివినవాడికే గౌరవం ఎక్కువ ఉండేది. (నాకు అలా అనిపించేది. నిజానికి ఆ గౌరవం ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ నేనొక్కణ్నే.) ఎనభైల చివర, నాకు ఇరవై నిండీ నిండని వయసు. ఇంటర్ ఇంగ్లీషు పేపరు రెండుసార్లు తప్పి, ఆ కసి అంతా గ్రంథాలయం మీద తీర్చుకుంటున్నాను. వారానికి రెండుసార్లు మణుగూరుకు సైకిలు తొక్కి, బీరువా అడుగున పడి ఉన్న పాత పత్రికల బైండింగులు తీయించుకుని చదివేవాణ్ని. వాటిలో ఎవరో పెద్దమనిషి ప్రపంచ సినిమా మీద వరసగా వ్యాసాలు రాశాడు. హాలీవుడ్ నలుపు తెలుపు చిత్రాలు, వాటి కథలు, వెలుగునీడలు, దర్శకుల పట్టుదలలు. అవన్నీ ఒక నోటుబుక్కులోకి ఎత్తి రాసుకుని, అట్ట మీద ‘ఇంట ఉంచుకోదగిన మేటి హాలీవుడ్ చిత్రాలు’ అని పేరు పెట్టుకున్నాను. మొత్తం నలభై రెండు. అందులో నేను చూసినది ఒక్కటీ లేదు. అయినా ఏ చిత్రం ఎందుకు గొప్పదో నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగేవాణ్ని. ఎవరూ లేపలేదు.

బడికి దగ్గరని చిన్నప్పుడే నన్ను పెద్దనాన్న ఇంట్లో ఉంచారు. కాబట్టి నాకు అన్నం పెట్టి, జ్వరమొస్తే పక్కన కూర్చుని, తప్పు చేస్తే వీపు విమానం మోత మోగించింది పెద్దమ్మే. ఆ ఏడు వానాకాలంలో ఆమెకు చలిజ్వరం వచ్చింది. మా అడవి పక్క ఊళ్లలో అది రాని ఇల్లు ఉండదు. గట్టి మందులు వాడితే జ్వరం పోయింది, దాంతోపాటే చెవులూ పోయాయి. మొదట్లో అందరం గట్టిగా అరిచి చెప్పేవాళ్లం. తర్వాత అరవడం బద్ధకమై సగం చెప్పేవాళ్లం. ఆ తర్వాత “ఏం లేదు తీ” అన్నట్టు చెయ్యి ఊపేవాళ్లం. నలుగురు కూర్చుని నవ్వుతుంటే ఆమె ఒక్కొక్కరి ముఖం చూసి, తానూ కొంచెం నవ్వి, తర్వాత లేచి వెనక వసారాలోకి పోయి మిరపకాయల తొడిమలు తీస్తూ కూర్చునేది. ఒకరోజు అన్నాలు తింటుండగా అన్నది కదా, “నేను మధిరకు మా తమ్ముని కాడికి పోత. ఆన్నే ఉంట.”

పెద్దనాన్న ముద్ద కలపడం ఆపి ఎందుకని సైగ చేశాడు.

“ఆడ నేను ఎవ్వల్ని ఎరగ. ఎరగనోళ్లు మాట్లాడకపోతె ఏం బాధుండది.”

పెద్దనాన్న పోవద్దు అనే మనిషి కాదు. (ఆయన నోట్లోంచి ‘పో’, ‘రా’ తప్ప మూడో మాట పెద్దమ్మ కోసం రావడం నేను వినలేదు.) ఆయన మిరప పంట అమ్మి, ఖమ్మం పోయి, టీవీ, వీసీఆర్ ఎడ్లబండి మీద దింపించాడు. ఇంట్లో సినిమా ఆడుతుంటే ఆడమనిషి ఎక్కడికి పోతుందిలే అని ఆయన లెక్క. మొదటి వారం వరసగా నాలుగు తెలుగు సినిమాలు వేశాం. పెద్దమ్మ నాలుగింటికీ మధ్యలోనే లేచిపోయింది. “ఊకె నోళ్లాడిస్తున్నరు. మీరు నవ్వుతున్నరు. నేనేంది, మీ మొకాలు చూడనీకె కూసోవాల్నా?” అన్నది. వచ్చే సోమవారం తమ్ముడు వచ్చి తీసుకుపోయేటట్టు కబురు కూడా పంపింది.

అప్పుడు పెద్దనాన్న నన్ను పిలిచాడు. “ఒరేయ్, ఎప్పుడు జూసిన లైబ్రరీ లైబ్రరీ అంటవు గద. మీ పెద్దమ్మ లేవకుండ చూసే సినిమా ఏదన్న ఉంటె తే. ఆదివారం దాకనే టైము.”

నా జీవితంలో నా చదువు మీద ఎవరైనా ఆధారపడటం అదే మొదలు. రాత్రంతా ఆలోచించాను అనను గాని, సైకిలు మీద మణుగూరు పోయేదాకా ఆలోచించాను. దారిలో ఒక మెరుపు మెరిసింది. తెలుగు సినిమా అయితే ఇంట్లో అందరికీ అర్థమవుతుంది, ఆమెకొక్కదానికే కాదు. అదే ఇంగ్లీషు సినిమా అయితే ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాదు. అప్పుడు చెవులున్నవాళ్లూ లేనివాళ్లూ సమానమే. ఈ సిద్ధాంతానికి నేనే ఎంత మురిసిపోయానంటే, ఎదురుగా వస్తున్న బొగ్గు లారీ హారన్ నాకు వినపడలేదు.

మణుగూరులో వీడియో దుకాణం నడిపే పెద్దాయనను అందరూ క్యాసెట్ సాయబు అనేవారు. బదిలీ మీద పోతూ ఎవరో ఇంజనీరు ఒక అట్టపెట్టె నిండా ఇంగ్లీషు క్యాసెట్లు ఆయనకు ఇచ్చేసి పోయాడు. నేను నోటుబుక్కు తెరిచి, ఒక పేరు మీద వేలు పెట్టాను. ముసలి ధనవంతుడి పడుచు భార్య, ఆమెను ప్రేమించిన సైనికుడు, మధ్యలో యుద్ధం. వ్యాసకర్త దాన్ని ‘కన్నీటితో కడిగిన కావ్యం’ అన్నాడు.

“గిది ఎవ్వరు అడగరు బేటా,” అన్నాడు సాయబు, డబ్బా మీద దుమ్ము ఊదుతూ. “ఫైటింగ్ లేదు, పాట లేదు. కలర్ భీ లేదు. నీకు ఎవరు చెప్పిన్రు?”

“చదివిన చిచ్చా.”

“చూడలే?”

“చూడాల్సిన పని లేదు, మొత్తం తెలుసు.”

సాయబు నన్ను కాసేపు చూసి, “మాషా అల్లా,” అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక హాలు నిండింది. పెద్దనాన్న పడక్కుర్చీలో, పెద్దమ్మ గడప దగ్గర, చుట్టుపక్కల ఇళ్లవాళ్లు చాప మీద. ముందు వరసలో కాంపౌండర్ బావ. ఈయన దవాఖానాలో పని చేస్తాడు, వరసకు బావ, నన్ను ఆటపట్టించడం ఆయనకు రెండో ఉద్యోగం. సినిమా మొదలైంది. కంచె, పాకలు, ఆవులు, ఒక ముసలాయన, ఒక పడుచు పిల్ల. నా సిద్ధాంతం ప్రకారం నేను నోరు మూసుకుని కూర్చోవాలి. అయిదు నిమిషాలు కూర్చున్నాను కూడా. ఈలోగా కాంపౌండర్ బావ వెనక్కి తిరిగి, “ఏందిరా ఇది, మన పాల కేంద్రం లెక్కనె ఉన్నది. కథ జెప్పు, నువ్వు చదివినవంట గద,” అన్నాడు.

అంతే, లేచి నిలబడ్డాను. టీవీ పక్కకు పోయి, చేతిలో పొడుగు స్కేలు పట్టుకుని మొదలుపెట్టాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ స్కేలు ఎక్కడ దాచుకోవాలో తెలియదు. ఏ మనిషి కోసం ఇదంతా చేస్తున్నానో ఆ మనిషిని మరిచిపోయి, చాప మీద కూర్చున్న ఇరవైమందికి కన్నీటి కావ్యాన్ని తెలుగులో వివరించసాగాను. “ఈయన లక్షాధికారి. ఈమె ఆయన భార్య. వయసులో తేడా గమనించాలి. ఆమె మనసులో అశాంతి ఉంది.”

తెర మీద ఆ పిల్ల నవ్వుతూ పాలు పితుకుతోంది.

“లక్షాధికారి పెండ్లాం పాలు పిండుతదేందిరా?” అన్నాడు బావ.

“పనివాళ్లంతా యుద్ధానికి పోయిన్రు బావా.”

“యుద్ధం ఏది?”

“ఇంకా డిక్లేర్ చెయ్యలే.”

కాసేపటికి కుర్రవాడొకడు టోపీ పెట్టుకుని వచ్చాడు. నాకు ప్రాణం లేచివచ్చింది. “అడుగో సైనికుడు,” అన్నాను. సైనికుడు సంచిలోంచి ఉత్తరాలు తీసి పంచిపెట్టాడు. “సెలవు మీద వచ్చిండు,” అన్నాను, ఎవరూ అడక్కముందే. ఆవుల మంద రోడ్డు దాటితే సైన్యానికి పాల సరఫరా అన్నాను. వర్షం వస్తే ఫిరంగులు తడుస్తాయని దిగులు అన్నాను. నా గొంతు పెరిగేకొద్దీ నాలో నమ్మకం తగ్గుతోంది. డబ్బా ఒకటి, లోపలి క్యాసెట్టు ఒకటి అని నాకు అప్పటికే సగం తెలిసిపోయింది. అయినా చదువుకున్నవాడు నడిమధ్యలో దిగిపోతే పరువేం కావాలి? చాప మీద జనం కథ వదిలేసి నన్ను చూసి నవ్వుకుంటున్నారు.

ఆ నవ్వులకు గడప దగ్గర పెద్దమ్మ లేచింది. చీర దులుపుకుంది. అప్పుడు చూశాను ఆమె ముఖం. ఇంగ్లీషు సినిమాలో కూడా అందరికీ ఏదో అర్థమై నవ్వుతున్నారు, తనకొక్కదానికే కాలేదు. అందరినీ సమానం చేస్తానన్న నేనే, స్కేలు పట్టుకుని ఆమెను మళ్లీ బయటికి పంపిస్తున్నాను. నా నోరు దానంతటదే మూతపడింది. పెద్దనాన్న నా వైపు చూడలేదు, నేల వైపు చూస్తున్నాడు.

తెర మీద ముసలాయనా ఆ పిల్లా భోజనానికి కూర్చున్నారు. పెద్దమ్మ వెనక వసారాకు పోబోతూ, తలుపు మీద చెయ్యి వేసి ఒకసారి వెనక్కి చూసింది. చూసి, ఆగింది.

“వీడు ఇంతసేపు ఏం జెప్పిండో నాకు తెల్వది గాని,” అన్నది, చెవులు పోయినప్పటి నుంచి అలవాటైన పెద్ద గొంతుతో, “ఆ పిల్ల ఆయన బిడ్డ.”

బావ చేతులు తిప్పి, భార్య అని సైగ చేసి నన్ను చూపించాడు.

“పెండ్లాం ఎట్లయితది? ఆయన పళ్లెంల ముక్క తీసి ఆమె పళ్లెంల వేసె, చూడలే? మొగడు అట్ల వేస్తడా? ముప్పై ఏండ్ల సంది నేను జూస్తున్న గద.”

పడక్కుర్చీ కిర్రుమన్నది. హాలంతా గొల్లుమన్నది. ఈసారి నవ్వు ఎందుకో పెద్దమ్మకు తెలుసు, ఎందుకంటే నవ్వించింది తానే. బావ ఊరుకోక, ఉత్తరాల కుర్రవాణ్ని చూపించి ఎవరని చెయ్యి ఊపాడు. ఆమె రెండడుగులు ముందుకు వచ్చి చూసింది.

“ఉత్తరాలు ఇచ్చెటోడు. ఒక ఉత్తరం ఇచ్చి పోక నాలుగుసార్లు టోపీ సర్దుకుంటుండు. ఇగ అర్థం గాదా? ఈ ముసలాయనకు ఎరికే. ఎరిక లేనట్టు ఆవుల మెడ గోకుతుండు.”

పెద్దమ్మ కోడలు, మా వదిన, లేచి చాప మీద చోటిచ్చింది. పెద్దమ్మ కూర్చుంది. అక్కడి నుంచి సినిమా ఆమెదే. చెవులున్న ఇరవై మందిమి ఇంగ్లీషు మాటల వెంట పరుగెత్తి పట్టుకోలేక పడిపోతుంటే, మాటలతో పని లేని ఆమె చేతులూ కళ్లూ చూసి కథంతా చెప్పుకుంటూ పోయింది. జనం మధ్యమధ్య ఆమె మోకాలు తట్టి, సైగ చేసి అడిగారు. ఇన్ని నెలల తర్వాత మా ఇంట్లో అందరూ ఆమెను ఏదో అడగడం అదే మొదటిసారి. చివర్లో కూతురు పెట్టె పట్టుకుని కంచె దాటుతుంది. ముసలాయన గేటు దగ్గర నిలబడి ఆమెతో ఏదో అంటాడు. ఆమె వెనక్కి తిరిగి చూసి, తలాడించి వెళ్లిపోతుంది. “ఏమన్నడు?” అని వదిన చేత్తో అడిగింది.

పెద్దమ్మ చాలాసేపు తెర వైపే చూసింది. “నాకేం గాదు, నేను బాగనే ఉంట, నువ్వు పో బిడ్డా, అన్నడు. అన్నడు గాని, పోవద్దని ఉన్నది.”

ఎవరూ లేవలేదు. పెద్దనాన్న దగ్గి, పడక్కుర్చీలోంచి లేచి, పెద్దమ్మ ముందుకు వచ్చి నిలబడ్డాడు. మధిర వైపు చెయ్యి చూపించి, ఆ చెయ్యి అడ్డంగా ఊపాడు. అంతే. ముప్పై ఏళ్లలో ఆయన ఆమెతో ఆడిన మూడో మాట అదే, అదీ నోటితో కాదు.

“గిది ముందుగాల్నే చెప్పొద్దా?” అన్నది పెద్దమ్మ. తర్వాత నా వైపు తిరిగి, “వచ్చే ఆదివారం గూడ గిట్లాంటిదే తే. స్కేలు మాత్రం తేకు,” అన్నది.

సోమవారం వచ్చిన తమ్ముడు రెండు రోజులుండి, ఒక్కడే పోయాడు. ఆ తర్వాత రెండేళ్లలో సాయబు అట్టపెట్టెలోంచి పదకొండు క్యాసెట్లు మా ఇంటివయ్యాయి. ఇంట ఉంచుకోదగిన చిత్రం ఏదని తేల్చే పద్ధతి పెద్దమ్మదే: టీవీ సౌండు మొత్తం తగ్గించి పావుగంట చూడాలి, అప్పటికీ ఎవరూ లేవకపోతే అది ఉంచుకోవచ్చు. నా నలభై రెండింటిలో చాలా పేర్లు ఆ పరీక్షలో తప్పాయి. (ఇంటర్ ఇంగ్లీషులో తప్పినప్పుడు నాకెలా ఉందో, వాటికీ అలాగే ఉండి ఉంటుంది.) నెగ్గినవాటిని ఆమె బీరువాలో పట్టుచీరల మధ్య, బూజు పట్టకుండా కలరా ఉండలు వేసి దాచేది. మా ఇంట్లో హాలీవుడ్ చాలాకాలం అదే వాసన వేసింది.

పెద్దమ్మ పోయి చాలా ఏళ్లయింది. నేను ఎలాగో ఇంగ్లీషు నేర్చుకున్నాను, కొడుకు దయవల్ల తెర కింద మాటలు కనబడే సినిమాలు కూడా ఇంట్లో చూస్తున్నాను. డబ్బా మీద పేరు వేరే, క్యాసెట్టులో పేర్లు పడే ముక్క ఎప్పుడో చెరిగిపోయింది, కాబట్టి ఆ మొదటి సినిమా పేరు ఏమిటో నాకు చాలాకాలం తెలియలేదు. ఎన్నో ఏళ్లు వెతికి, ఆవులూ గేటూ ఆధారంగా మొన్నీమధ్య పట్టుకున్నాను. ఆ పిల్ల కూతురే. టోపీ కుర్రవాడు ఉత్తరాలు ఇచ్చేవాడే. చివరి సీను వచ్చింది. ముసలాయన గేటు దగ్గర నోరు తెరిచాడు. తెర కింద అక్షరాలు పడ్డాయి: ‘గేటు సరిగ్గా వెయ్యి. ఆవులు బయటికి పోతాయి.’

స్కేలు పట్టుకున్న ఆ ఇరవై ఏళ్లవాడికి ఇది దొరికి ఉంటే, చాప మీద అందరినీ మళ్లీ కూర్చోబెట్టి, పెద్దమ్మ చెప్పింది తప్పని నిరూపించి, నోటుబుక్కులో దిద్ది, ఆ రాత్రి హాయిగా నిద్రపోయేవాడు. పాపం, మంచివాడే. చదువు ఒక్కటే ఎక్కువైంది. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, “ఆ ముసలాయన ఏమంటుండు?” అని అడిగింది. నేను తెర కింది అక్షరాలు తీసేసి, ఆ సీను మళ్లీ మొదటి నుంచి పెట్టాను.

“నాకేం కాదు, నువ్వు పో బిడ్డా, అంటుండు,” అన్నాను.